అమిగా: 1985లోనే బొమ్మ, పాట, వీడియో చూపించిన ఇంటి కంప్యూటర్.. పత్రికలు ‘గేమ్ మెషిన్’ అని ఎందుకు తేల్చేశాయి?

ఫోన్‌లో ఓ ఫొటో తీస్తాం. రంగులు మారుస్తాం. వెనకాల పాట పెడతాం. స్టేటస్‌లో పెట్టేస్తాం. అంతా కలిపి రెండు నిమిషాల పని. ఇందులో వింతేముంది అనిపిస్తుంది. కానీ ఇలాంటి పని ఇంట్లో పెట్టుకునే కంప్యూటర్ మీద కూడా చేయొచ్చని చూపించడానికి 1985లో న్యూయార్క్‌లో ఏకంగా ఓ పెద్ద థియేటర్‌లో ఫంక్షన్ పెట్టాల్సి వచ్చింది. ప్రపంచమంతా తెలిసిన చిత్రకారుడిని, ఓ రాక్ సింగర్‌ని స్టేజీ ఎక్కించాల్సి వచ్చింది.

ఆ కంప్యూటర్ పేరు అమిగా. తయారుచేసిన కంపెనీ కమోడోర్. పత్రికల వాళ్లు వచ్చారు, చూశారు, రాశారు. పొగిడారు కూడా. అయినా అది దేనికి పనికొస్తుందో జనానికి సరిగ్గా చేరలేదు. ‘గేమ్స్ ఆడుకునే డబ్బా’ అనే ముద్ర పడిపోయింది. సీన్ కట్ చేస్తే.. తొమ్మిదేళ్ల తర్వాత కంపెనీ మూతపడింది. అప్పుడు ఓ పెద్ద కంప్యూటర్ పత్రిక తీరిగ్గా రాసింది, అమిగానే మొట్టమొదటి మల్టీమీడియా కంప్యూటర్ అని!

మరి ఆ మాట ముందే ఎందుకు రాయలేకపోయారు? అసలేం జరిగింది?

స్టేజీ మీద ఏం చూపించారు?

1985 జులై 23. న్యూయార్క్‌లోని లింకన్ సెంటర్. పాప్ ఆర్ట్‌తో పేరు తెచ్చుకున్న ఆండీ వార్హోల్, బ్లాండీ బ్యాండ్ సింగర్ డెబ్బీ హ్యారీ స్టేజీ మీదికి వచ్చారు. వీడియో కెమెరాతో హ్యారీ ముఖాన్ని తీశారు. ఆ బొమ్మ బ్లాక్ అండ్ వైట్‌లో కంప్యూటర్ తెర మీద ప్రత్యక్షమైంది. వార్హోల్ మౌస్ పట్టుకుని ఆ ముఖానికి, జుట్టుకు రంగులు నింపడం మొదలుపెట్టారు. ఒక్కో క్లిక్‌కు ఒక్కో భాగం రంగు మారిపోయింది. చూస్తుండగానే వార్హోల్ మార్కు చిత్రం తయారైంది.

ఇక్కడ తెర వెనక టెన్షన్ వేరే ఉంది. వార్హోల్ వాడిన పెయింట్ సాఫ్ట్‌వేర్ అప్పటికి పూర్తిగా సిద్ధం కాలేదు. ఒక్క క్లిక్‌తో రంగు నింపే టూల్ వాడితే ప్రోగ్రామ్ ఆగిపోయే ప్రమాదం ఉండేదట. వార్హోల్ సరిగ్గా ఆ టూల్‌నే వాడారు. అదృష్టం కొద్దీ ఏమీ కాలేదు. ఊపిరి బిగబట్టి చూశామని కంపెనీ వాళ్లు తర్వాత చెప్పుకొచ్చారు.

అప్పటి కంప్యూటర్ల పరిస్థితి ఏంటి?

అమిగా గొప్పేంటో తెలియాలంటే దాని పక్కన మిగతావి పెట్టి చూడాలి. ఆఫీసుల్లో రాజ్యమేలుతున్నది ఐబీఎం పీసీ. అందులో ఉన్న స్పీకర్ ‘బీప్’ అనడానికే పనికొచ్చేది. ఎక్కువ మంది దగ్గరున్న సీజీఏ గ్రాఫిక్స్ కార్డుతో బొమ్మలేస్తే తెర మీద ఒకేసారి కనిపించేవి 4 రంగులే. 1984 జనవరిలో వచ్చిన యాపిల్ మ్యాకింటాష్‌లో మౌస్ ఉంది, కిటికీలు ఉన్నాయి, అందంగా ఉంది. కానీ తెర నలుపు, తెలుపు మాత్రమే. ధర చూస్తే 2,495 డాలర్లు.

అలాంటి టైమ్‌లో అమిగా ఏకంగా 4,096 రంగులతో వచ్చింది. మామూలుగా తెర మీద ఒకేసారి 32 రంగులు వాడుకోవచ్చు. ప్రత్యేక మోడ్‌లో పెడితే మొత్తం 4,096 రంగులూ ఒకేసారి కనిపించేవి. దాంతో తెర మీద బొమ్మ గీసినట్టు కాకుండా ఫొటోలాగా ఉండేది. ఇక శబ్దం విషయానికొస్తే.. రికార్డు చేసిన ధ్వనులను నాలుగు ఛానళ్లలో, స్టీరియోలో వినిపించేది. రాసింది చదివి వినిపించే గొంతు కూడా ఉంది. పైగా ఒక పని జరుగుతుండగానే ఇంకో పని చేసుకోవచ్చు.

ఇన్ని చేసిన ఆ మెషిన్‌లో మెమరీ ఎంతో తెలుసా? 256 కేబీ. ఇప్పుడు ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు.

అసలు కిటుకు ఇదే

పెళ్లి వంట ఒక్కడే చేస్తే ఎలా ఉంటుంది? అన్నం వార్చేది అతనే, పులిహోర కలిపేది అతనే, బంతిలో వడ్డించేది కూడా అతనే అయితే? ఏదో ఒకటి మాడుతుంది, లేదా బంతి ఆగిపోతుంది. అప్పటి చాలా కంప్యూటర్లది ఇదే కథ. లెక్కలు చేసేదీ, బొమ్మ గీసేదీ, శబ్దం చేసేదీ దాదాపు ఒకే చిప్.

అమిగా ఇంజనీర్లు పని పంచారు. అంతకుముందు అటారీ కంపెనీలో గేమ్ మెషిన్లకు చిప్‌లు డిజైన్ చేసిన జే మైనర్ ఈ టీమ్‌కు పెద్ద. మోటరోలా 68000 అనే ప్రాసెసర్ ప్రధాన వంటవాడు. అతనికి తోడుగా మూడు ప్రత్యేక చిప్‌లు. వాటికి మనుషుల పేర్లే పెట్టారు. అగ్నస్, డెనిస్, పౌలా. మెమరీలోని బొమ్మలను చకచకా కదిలించేది అగ్నస్. తెర మీద రంగులు చూపించేది డెనిస్. శబ్దం పౌలా డ్యూటీ. ప్రాసెసర్ తన పని తాను చేసుకుంటుంటే, బొమ్మ బొమ్మే కదిలేది, పాట పాటే మోగేది.

ఇప్పటి ఫోన్లలో గ్రాఫిక్స్‌కు, ఆడియోకు, కెమెరాకు విడివిడి భాగాలు ఉంటాయి. ఆలోచన అదే. అది కొని తెచ్చుకునే ఇంటి కంప్యూటర్‌లోకి అంత పక్కాగా రావడం అప్పట్లో అరుదు.

పత్రికలు పట్టించుకోలేదా?

పట్టించుకోలేదు అంటే తప్పు. అమెరికాలో సాంకేతిక పాఠకులు బాగా నమ్మే ‘బైట్’ పత్రిక 1985 ఆగస్టు సంచికలో అమిగాను కవర్ స్టోరీ చేసింది. పేజీలకు పేజీలు చిప్‌ల పనితీరు వివరించింది. మెషిన్ ఇంకా దుకాణాల్లోకి రాకముందే ఇదంతా రాసింది. వార్హోల్, డెబ్బీ హ్యారీల ప్రోగ్రామ్ ఎలాగూ ప్రచారానికి పనికొచ్చింది. 1986 మొదట్లో ‘అమిగా వరల్డ్’ అనే పత్రిక వార్హోల్‌తో ఇంటర్వ్యూ కూడా వేసింది.

అంటే పత్రికలు చూశాయి. తెలుసుకున్నాయి. మెచ్చుకున్నాయి. మరి తేడా ఎక్కడ కొట్టింది? దీనికి ప్రధానంగా మూడు కారణాలు కనిపిస్తాయి.

ఒకటి.. కాగితానికి చెవులు లేవు

1984లో సీఈఎస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో అమిగా టీమ్ ఓ డెమో చూపించింది. ఎరుపు, తెలుపు గళ్లున్న బంతి తెర మీద గుండ్రంగా తిరుగుతూ ఎగిరెగిరి పడుతుంది. నేలను తాకిన ప్రతిసారీ ‘ధబ్’ మని శబ్దం. అంతే. కానీ చూసినవాళ్లకు నమ్మబుద్ధి కాలేదు. టేబుల్ కింద ఇంకేదైనా పెద్ద కంప్యూటర్ దాచారేమోనని వంగి వెతికారని అమిగా టీమ్ వాళ్లు తర్వాతి రోజుల్లో చెప్పేవారు.

ఇప్పుడు అదే బంతిని పత్రికలో అచ్చు వేయండి. ఏముంటుంది? గళ్లున్న ఓ బంతి ఫొటో. అది తిరగదు. ఎగరదు. శబ్దం రాదు. ఎదురుగా చూసినవాళ్లను కట్టిపడేసిన విషయం పేజీ మీదికి వచ్చేసరికి మాయమైపోతుంది.

అందుకే రాసేవాళ్లు అచ్చులో చెప్పగలిగింది చెప్పారు. అంటే అంకెలు. ఇన్ని రంగులు, ఇన్ని ఛానళ్లు, ఇంత మెమరీ, ఇంత ధర. అన్నీ నిజాలే. కానీ 4,096 రంగులు అని చదివిన మనిషికి, వాటితో తాను ఏం చేసుకోవచ్చో తెలియలేదు.

టీవీ వాళ్లకు ఈ ఇబ్బంది లేదు. అమెరికా పబ్లిక్ టీవీలో వచ్చే ‘కంప్యూటర్ క్రానికల్స్’ అనే ప్రోగ్రామ్ 1985లోనే అమిగాను, దాని పోటీదారు అటారీ ఎస్‌టీని పక్కపక్కన పెట్టి చూపించింది. కానీ కంప్యూటర్ కొనాలనుకునేవాళ్లలో ఎక్కువ మంది నమ్ముకున్నది పత్రికల రివ్యూలనే.

రెండు.. పాత కొలబద్ద

అప్పట్లో కంప్యూటర్ల మార్కెట్ రెండు గదులుగా ఉండేది. ఒకటి ఆఫీసు కంప్యూటర్. అంటే లెక్కల పట్టికలు, ఉత్తరాలు టైప్ చేయడం, ఐబీఎం ప్రోగ్రామ్‌లు నడవడం. రెండోది ఇంటి కంప్యూటర్. అంటే గేమ్స్, పిల్లల చదువు. కొత్త మెషిన్ ఏదొచ్చినా ‘ఇది ఏ గదిలోది?’ అన్నదే మొదటి ప్రశ్న.

అమిగా రెండింట్లోనూ ఇమడలేదు. మానిటర్ లేకుండా 1,295 డాలర్లు. కలర్ మానిటర్ కావాలంటే ఇంకో 495. మొత్తం 1,790 డాలర్లు. అప్పట్లో డాలర్ విలువ సుమారు 12 రూపాయలు. ఆ లెక్కన మన డబ్బుల్లో 21 వేలు దాటుతుంది. గేమ్స్ కోసం ఇంత పెట్టేదెవరు? పైగా అటారీ ఎస్‌టీ కలర్ మానిటర్‌తో కలిపి వెయ్యి డాలర్లకే దొరుకుతోంది. పోనీ ఆఫీసుకు కొందామంటే ఐబీఎం ప్రోగ్రామ్‌లు నేరుగా నడవవు. వాటిని నడిపేందుకు ‘ట్రాన్స్‌ఫార్మర్’ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చారు కానీ, నత్తనడక.

దానికి తోడు కంపెనీ పేరే భారమైంది. కమోడోర్ అంటే జనానికి గుర్తొచ్చేది కమోడోర్ 64. బొమ్మల షాపుల్లో కూడా అమ్మిన చవక కంప్యూటర్ అది. ఆ కంపెనీ నుంచి రంగులు, శబ్దాలతో మెషిన్ వచ్చిందనగానే ‘ఇంకో గేమ్ మెషిన్’ అన్న మాట తేలిగ్గా అతుక్కుంది. బొమ్మలు కదిలితే ఆట, అంకెలు కదిలితే పని అనుకునే రోజులవి.

మూడు.. పేరు పెట్టలేకపోయారు

ఇదే అసలు దెబ్బ. బొమ్మ, శబ్దం, వీడియో, రాత అన్నీ ఒకే తెర మీద కలిపి పనిచేయడాన్ని ఒక్క మాటలో ఏమనాలి? ఇప్పుడైతే మల్టీమీడియా అనేస్తాం. ఆ మాట 1985కు ముందు కూడా ఉంది. కానీ స్లైడ్ షోలు, లైట్లు, సంగీతం కలిపిన ప్రదర్శనల లాంటి వాటికే వాడేవారు. కంప్యూటర్ కొనేవాడి నోట్లో ఆ మాట లేదు.

పేరు లేని వస్తువును అమ్మడం కష్టం. దాని గురించి రాయడం ఇంకా కష్టం. కమోడోర్ ప్రకటనలు కూడా ఇది దేనికోసమో తేల్చి చెప్పలేకపోయాయి. కంపెనీకే క్లారిటీ లేనప్పుడు విలేకరికి ఎక్కడి నుంచి వస్తుంది? ఆ ఖాళీలోకి ‘గేమ్ మెషిన్’ అన్న పాత పేరు వచ్చి కూర్చుంది.

వాడినవాళ్లు చెప్పకుండానే చూపించారు

పత్రికలు పేరు వెతుక్కుంటుంటే, కొన్నవాళ్లు పని మొదలుపెట్టేశారు. 1985లోనే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ‘డీలక్స్ పెయింట్’ తెచ్చింది. బొమ్మలేసేవాళ్లకు అది చాలా ఏళ్లు చేతిలో కుంచె. 1986లో న్యూటెక్ కంపెనీ ‘డిజి-వ్యూ’ తెచ్చింది. వీడియో కెమెరా ముందున్న దాన్ని రంగుల బొమ్మగా కంప్యూటర్‌లోకి ఎక్కించే పరికరం అది. లింకన్ సెంటర్ స్టేజీ మీద చేసిన పని అలా ఇంటికి వచ్చేసింది. 1987లో అమిగా 500 వచ్చింది. ధర 699 డాలర్లకు దిగింది. ముఖ్యంగా బ్రిటన్, జర్మనీల్లో ఇళ్లలోకి బాగా వెళ్లింది.

అసలు సంచలనం 1990లో. న్యూటెక్ ‘వీడియో టోస్టర్’ అనే కార్డు విడుదల చేసింది. అమిగా 2000లో పెడితే చాలు. ఒక వీడియో నుంచి ఇంకో వీడియోకు మారడం, తెర కింద పేర్లు వేయడం, త్రీడీ బొమ్మలు చేయడం.. టీవీ స్టూడియోల్లో ఎంతో ఖరీదైన పరికరాలు చేసే పనులను సుమారు 2,400 డాలర్ల కార్డు చేసేది. అమెరికాలో చిన్న టీవీ స్టేషన్లు, వీడియో తీసేవాళ్లు దీన్ని ఎగబడి వాడారు. 1993లో వచ్చిన ‘బాబిలాన్ 5’ అనే సైన్స్ ఫిక్షన్ సీరియల్ మొదటి భాగంలో అంతరిక్ష నౌకల సీన్లు అమిగా, టోస్టర్‌లతోనే తయారయ్యాయి. ఆ ఎఫెక్ట్స్‌కు ఎమ్మీ అవార్డు వచ్చింది.

‘గేమ్ మెషిన్’ అన్న ముద్ర పడిన కంప్యూటర్ సాధించింది ఇది!

పత్రికలే దారి మార్చుకున్నాయి

ఇక్కడ ఇంకో ఆసక్తికరమైన విషయం ఉంది. శబ్దం, కదలిక అచ్చు వేయలేమని పత్రికలకు కూడా అర్థమైంది. దాంతో ఏం చేశాయంటే.. కవర్‌కు ఫ్లాపీ డిస్క్ అతికించి అమ్మడం మొదలుపెట్టాయి. 1989లో బ్రిటన్‌లో మొదలైన ‘అమిగా ఫార్మాట్’ ఈ బాటలోనే నడిచింది. వ్యాసం చదవండి, డిస్క్ పెట్టి మీరే చూడండి, వినండి అన్నమాట. ఆ తర్వాత ఫ్లాపీ పోయి సీడీ వచ్చింది. 90ల్లో కంప్యూటర్ పత్రికతో సీడీ రావడం మామూలైపోయింది.

ఒక రకంగా చూస్తే, చెప్పలేనిదాన్ని చూపించడం నేర్చుకోవడానికి పత్రికలకు నాలుగైదేళ్లు పట్టింది.

మాట వచ్చింది.. ముద్ర వేరేవాళ్లకు పడింది

1989లో సింగపూర్‌కు చెందిన క్రియేటివ్ ల్యాబ్స్ ‘సౌండ్ బ్లాస్టర్’ కార్డుతో ఐబీఎం తరహా పీసీలకు మంచి గొంతు ఇచ్చింది. 1991లో మైక్రోసాఫ్ట్‌తో పాటు కొన్ని కంపెనీలు కలిసి ‘మల్టీమీడియా పీసీ’ అనే ప్రమాణం తెచ్చాయి. సీడీ డ్రైవ్ ఉండాలి, సౌండ్ కార్డు ఉండాలి, 2 ఎంబీ మెమరీ ఉండాలి.. ఇలా ఓ లిస్టు పెట్టి, అవన్నీ ఉన్న కంప్యూటర్‌కు ఎంపీసీ లోగో ఇచ్చారు. అదే ఏడాది చివర్లో యాపిల్ క్విక్‌టైమ్ వచ్చింది. మ్యాక్ తెర మీద స్టాంపు సైజులో వీడియో ఆడింది. 1993లో ఎన్‌కార్టా ఎన్‌సైక్లోపీడియా, ‘మిస్ట్’ గేమ్ వచ్చాయి.

ఇప్పుడు విలేకరికి పేరు దొరికింది. లోగో దొరికింది. పోల్చడానికి లిస్టు కూడా దొరికింది. పత్రికల నిండా మల్టీమీడియా. 1995లో జర్మనీ భాషా సంఘం ‘మల్టీమీడియా’నే ఆ ఏటి మాటగా ఎంపిక చేసిందంటే క్రేజ్ ఎలా ఉందో అర్థం చేసుకోవచ్చు.

కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. 1994 ఏప్రిల్ నెలాఖరులో కమోడోర్ చేతులెత్తేసింది. కంపెనీ పడిపోవడానికి పత్రికలే కారణం అనలేం. యాజమాన్యం తప్పులు, కొత్త మోడళ్ల ఆలస్యం, పీసీల ధరలు పడిపోవడం.. ఇలా చాలా ఉన్నాయి. కాకపోతే మొదటి రోజుల్లో పడిన ముద్ర చివరి దాకా వదల్లేదన్నది మాత్రం వాస్తవం.

1994 ఆగస్టులో బైట్ పత్రిక కమోడోర్‌కు నివాళి లాంటి వ్యాసం వేసింది. రాసింది టామ్ హాఫ్‌హిల్. అమిగా తన కాలం కంటే ఎంతో ముందుందని, అది ఏంటో కమోడోర్ మార్కెటింగ్ విభాగం సహా దాదాపు ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారని ఆయన తేల్చారు. అదే తొలి మల్టీమీడియా కంప్యూటర్ అని, గ్రాఫిక్స్, శబ్దం, వీడియోల విలువ అప్పట్లో కొద్దిమందికే తెలుసని, అందుకే గేమ్ మెషిన్ అని తీసిపారేశారని రాశారు. అంటే తీర్పు వచ్చింది. కానీ వినడానికి కంపెనీ లేదు.

క్లైమాక్స్.. ఒక వీడియో క్లిప్

కథ ఇక్కడితో అయిపోలేదు. లింకన్ సెంటర్ ప్రోగ్రామ్ తర్వాత కూడా వార్హోల్ అమిగా మీద బొమ్మలు వేశారు. 1987లో ఆయన చనిపోయారు. ఆ ఫ్లాపీలు పిట్స్‌బర్గ్‌లోని వార్హోల్ మ్యూజియానికి చేరాయి. వాటిలో ఏముందో చూసినవాళ్లు లేరు.

ఏళ్లు గడిచాయి. కోరీ ఆర్కేంజెల్ అనే కళాకారుడు యూట్యూబ్‌లో ఓ పాత క్లిప్ చూశారు. వార్హోల్ మౌస్ పట్టుకుని డెబ్బీ హ్యారీ బొమ్మకు రంగులు వేస్తున్న ఆ 1985 నాటి వీడియోనే. మరి ఆ బొమ్మలన్నీ ఎక్కడున్నాయి అన్న డౌట్ ఆయనకు వచ్చింది. మ్యూజియంను అడిగారు. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ కంప్యూటర్ క్లబ్ రంగంలోకి దిగింది. పాత ఫ్లాపీలు పాడవకుండా చదవడం ఒక ఎత్తు, ఇప్పటి సాఫ్ట్‌వేర్‌కు తెలియని ఫైళ్లను తెరవడం ఇంకో ఎత్తు. చివరికి తెరిచారు. సూప్ డబ్బా బొమ్మ బయటపడింది. మూడు కళ్ల వీనస్ బయటపడింది. 2014 ఏప్రిల్‌లో మ్యూజియం ఈ విషయం ప్రకటించింది. దాదాపు 30 ఏళ్లు డిస్కుల్లోనే ఉండిపోయిన బొమ్మలను ప్రపంచం చూసింది.

ఆ రోజు ఏం జరిగిందో చెప్పిన అచ్చు పేజీలు చాలానే ఉన్నాయి. కానీ బొమ్మలు బయటికి రావడానికి కారణం మాత్రం కదిలే, వినిపించే ఆ చిన్న క్లిప్. అమిగా జనానికి చూపించాలనుకున్నది కూడా అదే. కొన్ని విషయాలు చదివితే సరిపోవు.. చూడాలి, వినాలి.

ఆ క్లిప్ యూట్యూబ్‌లో చూడొచ్చు. ఒకప్పుడు దాని కోసం థియేటర్‌కు వెళ్లాల్సి వచ్చింది. ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోన్ చాలు.